మూల మంచం పక్కన కుళాయి

ఆస్పత్రి ల్యాబులో పనిచేసే ఆ డాక్టరమ్మను ఎదురుగా "మేడమ్" అనీ, చాటుగా "సూక్ష్మం" అనీ పిలిచేవారు. కంటికి కనపడని క్రిములతో కాపురం చేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటే, రిపోర్టులో ఒక చుక్క పక్కకు జరిగినా ఊరుకోదు కాబట్టి వచ్చిందని మరికొందరు అనేవారు. ఆ పేరు ఆమె చెవిన ఎప్పుడో పడింది. విననట్టే ఉండేది. నిజానికి ఆమెకు అది నచ్చింది కూడా.

ఆమె పని చెప్పడానికి తేలిక. పై అంతస్తు ఐసీయూలో పడుకున్న రోగుల రక్తమో, కఫమో కిందికి వస్తుంది. దాన్ని క్రిములకు తిండి కలిపి గడ్డకట్టించిన పళ్ళేల మీద రాసి, వెచ్చని పెట్టెలో ఉంచి, మర్నాటికి ఏం మొలిచిందో చూడాలి. మొలిచింది ఏ మందుకు చస్తుందో, ఏ మందును లెక్కచెయ్యదో తేల్చి పైకి చెప్పాలి. మందు రాసేది పైవాళ్ళే అయినా, రాసే ముందు ఫోన్ మోగేది ఆమె బల్ల మీదే.

ఆ ఏడు వానలు పట్టిన దగ్గర్నుంచి ఒక క్రిమి ఆమెకు కొరుకుడు పడటం లేదు. కొత్త జాతేం కాదు, ఏ ఆస్పత్రిలోనైనా కనిపించేదే. పళ్ళెం మీద ఆకుపచ్చగా పాకుతుంది. పెట్టె తలుపు తీయగానే బాగా మగ్గిన ద్రాక్షపళ్ళ వాసన తియ్యగా ముక్కుకు తగులుతుంది. చావును మోసుకొచ్చేదానికి అంత కమ్మని వాసన ఏమిటే అని చదువుకునే రోజుల్లో స్నేహితురాళ్ళతో నవ్వుకునేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఈసారి వచ్చినది మామూలుగా వాడే మందులన్నిటికీ రాటుదేలిపోయింది. మొదట ఒక లారీ మెకానిక్కుకు సోకింది. అతను చావు తప్పి బయటపడ్డాడు. కొన్ని వారాల తర్వాత ఒక ముసలి దర్జీకి సోకింది. ఆయన దక్కలేదు. ఇద్దరూ పడుకున్నది ఐసీయూలో మూల మంచం మీదే.

ఆ మాట ఆమె మీటింగులో అంది. ఐసీయూ పెద్ద డాక్టరు కొట్టిపారేయలేదు. మంచం, దాని కమ్మీలు, ఊపిరి పోసే మిషను, చివరికి పరదాలు కూడా తుడిపించి ఆ తుడుపుల్ని పరీక్షకు పంపాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. ఆ ఇద్దరి మధ్యలో అదే మంచం మీద చాలామంది పడుకుని, కులాసాగా లేచి ఇంటికి వెళ్ళారు కూడా.

"కాకతాళీయం అయ్యుంటుంది మేడమ్," అన్నాడు పెద్ద డాక్టరు. అంతకు మించి ఆమెకూ ఏమీ తోచలేదు.

అలాంటి రోజుల్లో ఆమె అక్క జబ్బుపడింది.

అక్క డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఆ చుట్టుపక్కల కారు నడిపేవాళ్ళలో సగం మంది ఆమె చేత తిట్లు తిని నేర్చుకున్నవాళ్ళే. బెదురన్నది ఎరగని మనిషి. నేర్చుకునేవాళ్ళు హడలిపోయి స్టీరింగు వదిలేసినా, పక్క సీట్లో తన వైపు బ్రేకు మీద కాలు మోపి, "ఎందుకంత తొందర, నేను బతికే ఉన్నాగా," అనేది. కడుపులో నొప్పి మొదలైతే గ్యాసు అంది. మర్నాడు జ్వరం వస్తే ఎండ అంది. ఆ మర్నాడు కారు ఆపి రోడ్డు పక్కన కూలబడితే, బావ కళ్ళద్దాల షాపు తెరిచింది తెరిచినట్టే వదిలేసి ఆస్పత్రికి ఎత్తుకొచ్చాడు.

లోపల అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకింది. బీపీ జారిపోతోంది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. క్యాజువాల్టీలో ముందు రక్తం తీసి ల్యాబుకు పంపి, ఆ వెంటనే అన్ని రకాల క్రిముల్నీ ఒకేసారి పట్టే పెద్ద మందులు నరంలోకి ఎక్కించారు. అలాంటి రోగికి దొంగ ఎవరో తేలేదాకా ఆగడం కుదరదు. ముందు అందరినీ కొట్టాలి, తర్వాత ఎవరో తెలిశాక మిగతావాళ్ళను వదిలెయ్యాలి. ఆపరేషన్ చేసి చీమంతా కడిగి, గొంతులో గొట్టంతోనే ఐసీయూకి తెచ్చారు.

ఖాళీగా ఉన్నది మూల మంచం ఒక్కటే.

ఐసీయూ హెడ్ సిస్టర్ స్ట్రెచర్ పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. పెళుసు మాట, పెద్ద మనసు ఉన్న మనిషి. ఏ విషయానికీ వెనకాడదు.

"ఇంకో మంచం ఏదైనా ఖాళీ అవుతుందేమో చూద్దామా మేడమ్?" అంది మెల్లగా.

"ఎందుకు సిస్టర్? అన్నీ పరీక్ష చేశాం కదా."

"ఊరికే అన్నాలెండి," అని స్ట్రెచర్ మూలకు తిప్పింది.

రక్తంలో మొలిచింది మామూలు పేగుల క్రిమి. చాలా మందులకు లొంగేదే. పెద్ద మందులు ఆపి, దానికి సరిపడే చిన్న మందు ఒకటి ఉంచారు. అక్క మొండిఘటం. బీపీ నిలబడింది, జ్వరం దిగింది, గొంతులో గొట్టం తీసేశారు. బావ ఇన్నాళ్ళకు తీరిగ్గా కూర్చుని టీ తాగాడు.

"మీ అక్క నన్ను మొదట అడిగిందేమిటో తెలుసా? కారు నీడలో పెట్టావా అని," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మధ్యాహ్నం సూక్ష్మం వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. మూల మంచానికి ఒక పక్క గోడ, ఆ గోడకే చేతులు కడుక్కునే తొట్టి. తొట్టి మీద మోచేత్తో తిప్పే పొడుగు పిడి కుళాయి. అక్క తల ఆ వైపే తిరిగి ఉంది.

"ఎవరే ఆవిడ?" అంది అక్క, బొంగురు గొంతుతో.

"ఏ ఆవిడ?"

"అదిగో, కుళాయి దగ్గర. అటు తిరిగి నిలబడింది చూడు. పొద్దుట్నుంచీ చేతులు కడుక్కుంటూనే ఉంది. అంత మురికి ఏం పట్టుకుందంటావు?"

కుళాయి దగ్గర ఎవరూ లేరు. కుళాయి కట్టేసి ఉంది.

ఐసీయూలో మనసు చెదరడం మామూలే. మత్తుమందులు, జ్వరం, పగలూ రాత్రీ తేడా లేకుండా వెలిగే లైట్లు కలిసి ఎంతటి గట్టివాళ్ళ బుర్రనైనా తిప్పేస్తాయి. కప్పు మీద చీమలబారు చూసేవాళ్ళుంటారు, మంచం కింద పిల్లి ఉందని కొట్టుకునేవాళ్ళుంటారు. పెద్ద డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు. రెండు రోజుల్లో సర్దుకుంటుంది, కంగారు లేదన్నాడు. సూక్ష్మం బుర్ర ఊపింది. కానీ వెళ్ళబోతుంటే హెడ్ సిస్టర్ ఆమెను మందుల గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"మేడమ్, మీరు నన్ను వెర్రిదాన్ననుకున్నా సరే, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ మెకానిక్కు కూడా ఇదే చెప్పాడు. అటు తిరిగి నిలబడి చేతులు కడుక్కునే ఆవిడ."

"దర్జీ?"

"ఆయన గొంతులో గొట్టం ఉండేది, మాట లేదు. కానీ చూపు ఎప్పుడూ కుళాయి మీదే. తల అటు తిప్పి పడుకోబెట్టకపోతే గింజుకునేవాడు."

"మీరెప్పుడైనా ఏమైనా చూశారా?"

"చూళ్ళేదండి." సిస్టర్ కొంగుతో మెడ తుడుచుకుంది. "విన్నాను. నీళ్ళు పడుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే తొట్టి పొడిగా ఉంటుంది."

సూక్ష్మానికి దయ్యాల మీద నమ్మకం లేదు. ఉండే తీరికా లేదు. అయినా ఆ రోజు ల్యాబులో చేతులు కడుక్కుంటూ, పక్కకు చూడాలనిపించి చూడకుండా ఉండటానికి ఆమెకు కాస్త కష్టమైంది.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి అక్క ముఖం ఎర్రగా ఉంది. కళ్ళలో ఒక మెరుపు. ఆ మెరుపు ఆమెకు నచ్చలేదు.

"చిన్నీ, ఇవాళ ఇటు తిరిగింది," అంది అక్క, ఏదో పొరుగింటి కబురు చెప్పినట్టు.

"మొహం ఎలా ఉంది?"

"ఎక్కడో చూసిన మొహమే. అంతు చిక్కట్లేదు. మొహం నిండా తడి. నా దగ్గరకొచ్చి చేతులు రెండూ చాపి, శుభ్రమయ్యాయా చూడమంది."

"నువ్వేమన్నావు?"

"అయ్యాయమ్మా, ఇంక పడుకో అన్నాను. నమ్మలేదు. చేతులు నా మీద విదిలించి మళ్ళీ కుళాయి దగ్గరకెళ్ళిపోయింది. చల్లటి నీళ్ళు మొహం మీద పడ్డాయే." అక్క నాలుకతో పెదవి తడుపుకుంది. "ఏదో పండు వాసన."

సూక్ష్మానికి ల్యాబులో వెచ్చని పెట్టె గుర్తొచ్చింది. ఆ వాసన సంగతి అక్కకు తెలిసే వీలు లేదు. ఇంట్లో ల్యాబు కబుర్లు చెబితే అక్క చెవులు మూసుకునే రకం.

సాయంత్రానికి అక్కకు చలి మొదలైంది. మంచం కమ్మీలు గలగలలాడేంత వణుకు. ఊపిరి ఎగశ్వాసగా మారింది, బీపీ మళ్ళీ జారింది. గొంతులోకి మళ్ళీ గొట్టం వెళ్ళింది. రక్తం, కఫం తీసి కిందికి పంపి, పెద్ద మందులు మళ్ళీ మొదలుపెట్టారు. బావ వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

మర్నాడు పొద్దున్నే ల్యాబుకు వచ్చిన సూక్ష్మానికి వెచ్చని పెట్టె తలుపు తీయాల్సిన పని లేకపోయింది. గదిలో అడుగు పెట్టగానే తెలిసిపోయింది. మగ్గిన ద్రాక్ష. పళ్ళెం మీద ఆకుపచ్చ, అంచు దాకా.

మందుల బిళ్ళలు పెట్టిన పళ్ళెం మరునాడు చూసింది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి మొలవక ఖాళీ వలయం ఏర్పడుతుంది. అక్కడ ఒక్క వలయమూ లేదు. బిళ్ళల్ని ఆనుకుని, వాటి మీదికి ఎక్కుతున్నట్టుగా మొలిచింది ఆకుపచ్చ. చిన్న చిన్న గుంటలున్న పలకలో మిగతా మందుల్ని పరీక్షించింది. మందు గెలిచిన గుంటలో ద్రవం తేటగా ఉండాలి, ఓడినచోట మబ్బుపడుతుంది. పలకంతా మబ్బే. ఒక్క వరసలో మాత్రం తేట నీరు. కొలిస్టిన్. ఆమె పుట్టక ముందే డాక్టర్లు పక్కన పడేసిన మందు. కిడ్నీల మీద దెబ్బ కొడుతుందని వదిలేసి, ఇలాంటి క్రిములు తలెత్తాక వేరే గతి లేక మళ్ళీ తవ్వి తీసిన మందు.

ఆ పేరే పెద్ద డాక్టరుకు ఫోన్లో చెప్పింది.

"కిడ్నీలు ఇప్పటికే అంతంతమాత్రంగా ఉన్నాయి మేడమ్."

"తెలుసు."

"మీరు చెల్లెలిగా చెబుతున్నారా, ల్యాబు డాక్టరుగా చెబుతున్నారా?"

"రెంటికీ ఒకటే జవాబు వస్తోంది సార్. కిడ్నీలు దెబ్బతింటే మిషను మీద పెట్టి కాపాడుకోవచ్చు. దీన్ని ఇలా వదిలేస్తే కాపాడుకోవడానికి మనిషే ఉండదు."

మందు మొదలైంది. అక్కను ఆ గంటలోనే మూల మంచం మీంచి తీసి, అవతలి చివర తలుపున్న విడి గదిలోకి మార్చారు. మారుస్తుంటే, పూర్తి మత్తులో ఉన్న అక్క మెడ మెల్లగా కుళాయి వైపు తిరిగిందని హెడ్ సిస్టర్ చెప్పింది. పెద్ద డాక్టరు అది కండరాల కదలిక అన్నాడు. అయ్యుండొచ్చు కూడా.

ఆ మధ్యాహ్నం సూక్ష్మం మెకానిక్కు షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళింది. ఎందుకు వెళుతోందో తనకే సరిగా తెలియదు. అతను ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. పిలిస్తే చక్రాల పలక మీద జారుతూ బయటకొచ్చాడు. జబ్బు తగ్గాక బక్కచిక్కినా చేతుల్లో చురుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చానని చెప్పగానే ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"బిల్లు సంగతా అమ్మా?"

"కాదు. మీరు ఐసీయూలో ఉన్నప్పుడు ఎవరో ఆవిడ కనిపించేదట కదా."

అతను గుడ్డతో చేతుల గ్రీజు చాలాసేపు తుడిచాడు. ఎంత తుడిచినా పోవడం లేదు. అది గమనించి తనే గుడ్డ పక్కన పడేశాడు.

"మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదమ్మా. పిచ్చోణ్ణంటారని. చేతులు కడుక్కునేది. కడుక్కుని కడుక్కుని నా మీద విదిలించేది. చల్లగా, తియ్యగా ఏదో వాసన. కళ్ళు మూసుకున్నా ఆ చుక్కలు మాత్రం తగిలేవి." తలెత్తి ఆమె వంక చూశాడు. "ఆవిడ ఇంకా అక్కడే ఉందా?"

"మీరు ఆరోగ్యం చూసుకోండి," అని సూక్ష్మం కారు వైపు నడిచింది.

దారిలో కారులో కూర్చున్నాక ఆమె బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆవిడ సంగతి అలా ఉంచితే, ఇద్దరూ చెప్పింది ఒకటే. నీళ్ళు మీద పడ్డాయని. మత్తులో ఉన్న మనిషి లేని మనిషిని చూడొచ్చు. చల్లటి చుక్క ఒంటి మీద నిజంగా పడితేనే, ఆ చుక్కకు తగ్గ కథ ఒకటి మత్తులోని బుర్ర అల్లుకుని ఉండొచ్చు కూడా. మంచం తుడిచారు, కమ్మీలు తుడిచారు, పరదాలు తుడిచారు. శుభ్రం చేసుకునే చోటును మాత్రం ఎవరూ అనుమానించలేదు.

తిన్నగా ఐసీయూకి వెళ్ళి కుళాయి నీళ్ళు పట్టింది. తొట్టి అడుగున, జాలీ కింద గొట్టంలోకి పొడుగు దూదిపుల్ల దించి తిప్పి తీసింది. రెండు రోజులకు తేలింది. నీళ్ళలో ఏమీ లేదు. దూదిపుల్ల రాసిన పళ్ళెం నిండా ఆకుపచ్చ. అదే జాతి, అదే మొండితనం, అదే వరసలో తేట.

"సరే, గొట్టంలో ఉంది. గొట్టంలోంచి మనిషి మీదికి ఎలా వస్తుంది?" అన్నాడు పెద్ద డాక్టరు.

"చూపిస్తాను."

చీకట్లో నీలి లైటు వేస్తే మెరిసే రంగు ఒకటి ఉంటుంది. దాన్ని తొట్టి గొట్టంలో పోసింది. హెడ్ సిస్టర్ మూల మంచం చుట్టూ మందపాటి పరదాలు లాగి, ఆ మూల లైట్లన్నీ ఆర్పింది. బయట పట్టపగలు. అవతల మిషన్లు టిక్కు టిక్కుమంటున్నాయి. ఆ గుడారంలాంటి చీకట్లో ముగ్గురే ఉన్నారు. సూక్ష్మం తొట్టికి బాగా పక్కగా, గోడకు అతుక్కుని నిలబడి, కుళాయి పొడుగు పిడిని మోచేత్తో నెట్టింది. నీళ్ళు తిన్నగా జాలీ మీదే పడి చిందాయి. కాసేపు ఉంచి కట్టేసింది.

"లైటు వెయ్యండి సిస్టర్."

నీలి లైటు వెలిగింది.

మంచం మీద చుక్కలు. దిండు మీద చుక్కలు, పచ్చగా, మిణుగురుల్లా. కమ్మీల మీద, సెలైన్ స్టాండు మీద, సూదులు సర్దిపెట్టే ట్రే మీద. తల ఉండాల్సినచోట అన్నిటికన్నా ఎక్కువ. పెద్ద డాక్టరు నోట్లోంచి "అయ్యో" అన్న మాట ఒక్కటే వచ్చింది. అంతా అర్థమైపోయింది. ఎవరు చేతులు కడుక్కున్నా, ఆ నీళ్ళు గొట్టం నోట్లో మాటువేసి ఉన్నదాన్ని చిందించి రోగి ముఖం మీదా, మందుల మీదా చల్లుతున్నాయి. శుభ్రమైన చేతుల కోసం చేసిన ప్రతి కడుగుడూ రోగి మీదికి క్రిమిని చల్లింది.

"మేడమ్," అంది హెడ్ సిస్టర్. లైటు నేల మీదికి వంచింది.

తొట్టి ముందు నేలంతా చుక్కలే, ఆవాలు చల్లినట్టు. కానీ సరిగ్గా తొట్టి ఎదురుగా, మనిషి నిలబడే చోట, ఒక్క చుక్కా లేదు. ఆ ఖాళీ మొదట్లో రెండు పాదాలంత, ఆ వెనక సన్నగా సాగి, భుజాలంత వెడల్పయి, అవతలి పరదా దాకా వెళ్ళింది. దానికి అటూ ఇటూ చుక్కలు పడ్డాయి. నీళ్ళు చిందినప్పుడు అక్కడ ఎవరో అడ్డుగా నిలబడి ఉన్నట్టు. ఆ చుక్కలన్నీ తన ఒంటి మీదే పడనిచ్చుకున్నట్టు.

ముగ్గురూ దానివంక చూస్తూ నిలబడ్డారు. సూక్ష్మం తన బట్టల మీద లైటు వేయించుకుంది. మోచేతి మీద తప్ప ఎక్కడా రంగు లేదు.

"ఏసీ గాలి వాటం అయ్యుంటుంది," అన్నాడు పెద్ద డాక్టరు.

"అయ్యుంటుందండి," అంది సూక్ష్మం.

హెడ్ సిస్టర్ పరదా తీసేటప్పుడు ఆ ఖాళీని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. కాసేపటికి పెద్ద డాక్టరు కూడా అలాగే చుట్టూ తిరిగి వెళ్ళాడు.

ప్లంబరు వచ్చి తొట్టి కింద గొట్టం విప్పాడు. లోపల గోడలకు పట్టి, జిగటగా, పచ్చగా, కలబంద గుజ్జులాంటి పొర వేలాడుతోంది. గొట్టం వంపులో మొదలై కొద్దికొద్దిగా పైకి పాకుతూ జాలీ దాకా వచ్చేసింది. గదంతా ద్రాక్షపళ్ళ వాసన కమ్ముకుంది. ప్లంబరు ముక్కు మూసుకోలేదు. వాసన బాగుండటమే అతన్ని భయపెట్టినట్టుంది. "ఇందులో ఏం పోస్తారండీ మీరు?" అని అడిగాడు.

ఏం పోస్తారో అప్పుడు ఆరా తీస్తే బయటపడింది. సీసాల్లో మిగిలిన గ్లూకోజు పోస్తారు. సిరంజిల్లో మిగిలిన మందులు పోస్తారు. దగ్గరగా ఉంది కదాని అందరూ అందులోనే పోశారు. మిగిలిన గ్లూకోజు దానికి తిండి అయింది. మిగిలిన మందులు చాలీచాలనంతగా తగిలి తగిలి, ఏ మందును ఎలా తట్టుకోవాలో దానికి నేర్పాయి.

"మనమే మేపాం. మనమే సాము నేర్పాం," అంది సూక్ష్మం. ఎవరినీ తప్పుపట్టలేదు. ఎవరో ఒక్కరి పని కాదది.

తొట్టి పీకేసి, గొట్టం మూసి, గోడ పూడ్చారు. చేతులకు మంచం మంచానికీ స్పిరిట్ సీసా పెట్టారు. కడుక్కోవాలంటే మంచాలకు దూరంగా, తలుపు అవతల కొత్త తొట్టి. మందు మిగిలితే డబ్బాలో పడాలే తప్ప నీళ్ళలో కాదు.

ఈలోగా అక్క ఒంట్లో యుద్ధం నడుస్తోంది. పాత మందు మాట నిలబెట్టుకుంది, భయపెట్టినట్టే కిడ్నీలనూ కొట్టింది. ఒంటికి నీరు పట్టి అక్క ముఖం గుర్తుపట్టలేనంతగా ఉబ్బింది. రక్తం కడిగే మిషను పక్కన చేరింది. బావ గాజు తలుపు అవతల నిలబడి, తన కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకునేవాడు.

"ఇది తప్పదా అమ్మాయ్?" అని అడిగాడు ఒకరోజు.

"తప్పదు బావా. ఆ క్రిమి తగ్గుతోంది. ఇవాళ పళ్ళెంలో చాలా పల్చగా మొలిచింది."

"మీ అక్క కూడా పల్చబడిపోతోంది," అన్నాడు బావ. సూక్ష్మం అతని చెయ్యి పట్టుకుని పక్కన నిలబడింది.

ఒక ఉదయం పళ్ళెం మీద ఏమీ మొలవలేదు. ఆమె నమ్మక ఇంకో రోజు ఉంచింది. అప్పుడూ ఏమీ లేదు. ఖాళీ పళ్ళేన్ని వెలుతురుకు ఎత్తిపట్టుకుని, ల్యాబులో అందరూ చూస్తుండగా, సూక్ష్మం వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత జ్వరం దిగింది. గొంతులో గొట్టం తీశారు. ఆలస్యంగానైనా కిడ్నీలు మేలుకున్నాయి. పూర్తిగా మునుపటిలా కాదు గానీ, మిషను అక్కర్లేనంతగా.

అక్క మాట్లాడే ఓపిక వచ్చాక సూక్ష్మమే అడిగింది.

"ఈ గదిలో ఆవిడ కనిపించిందా?"

"లేదే. నన్ను ఇటు తెస్తుంటే గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది." అక్క గాజు తలుపు వైపు చూసింది. "నాకేం భయం వెయ్యలేదు చిన్నీ. జాలేసింది. ఎంత కడిగినా చేతులు శుభ్రం కావట్లేదని ఆవిడ బాధ. నాకెందుకో ఆవిడ మనకేదో చెప్పాలని చూస్తోందనిపించింది. చెప్పడం చేతకాక విదిలించిందేమో."

"మత్తులో అలాగే అనిపిస్తుంది," అంది సూక్ష్మం.

"మీ బావ చెప్పిన ఆ గొట్టం సంగతి మరి నువ్వెలా కనిపెట్టావు?"

సూక్ష్మం దుప్పటి సర్ది, మంచినీళ్ళు కొలిచి గ్లాసులో పోసింది.

ఇంటికెళ్ళాక ఒంట్లో సత్తువ చేరడానికి చాలాకాలం పట్టింది. అక్క మళ్ళీ పక్క సీట్లో కూర్చుంది. గొంతు మునుపంత లేవదు కాబట్టి తిట్లు కాస్త తగ్గాయి. అదొక్కటే నేర్చుకునేవాళ్ళ అదృష్టం. మూల మంచం మీద ఎంతోమంది పడుకుని లేచి వెళ్ళారు. ఆకుపచ్చది మళ్ళీ అక్కడ తలెత్తలేదు. హెడ్ సిస్టర్ ఇప్పుడు ఆ మంచానికి స్ట్రెచర్ తిప్పడానికి వెనకాడదు.

ఒకరోజు చెకప్‌కు వచ్చిన అక్క ల్యాబుకు దిగింది. "నన్ను అంత పని చేసినదాన్ని చూపించవే ఒకసారి," అంది.

"పళ్ళేలన్నీ ఎప్పుడో కాల్చేశాం."

"ఒక్కటీ మిగల్లేదా?"

సూక్ష్మం అబద్ధం ఆడలేకపోయింది. గది చివర మనిషంత ఎత్తున్న ఫ్రీజర్ దగ్గరికి తీసుకెళ్ళింది. తలుపు తెరిస్తే తెల్లటి పొగ కాళ్ళ మీదికి దిగింది. లోపల అరల నిండా చిటికెనవేలంత గొట్టాలు. వాటిలో ఒకదాన్ని చేతి తొడుగుతో పైకి తీసి చూపించింది. అడుగున తెల్లటి మంచు ముద్ద, అంతే.

"ఇంతేనా?" అంది అక్క. "చచ్చిందా?"

"లేదు. నిద్రపోతోంది. వెచ్చగా పెడితే మర్నాటికి లేస్తుంది."

"అలాంటిదాన్ని పారెయ్యకుండా దాస్తారా మీరు!"

"రేపెక్కడైనా ఇలాంటిది మళ్ళీ కనిపిస్తే, అది ఇదేనో కాదో పోల్చుకోవాలి కదక్కా. అందుకని ఉంచుతాం. ఏళ్ళ తరబడి ఉంటుంది. నేను రిటైరయ్యాక కూడా."

అక్క ఆ గొట్టం వంక చాలాసేపు చూసింది. బతుకులో మొదటిసారి ఆమె ముఖంలో బెదురులాంటిదేదో సూక్ష్మానికి కనిపించింది. సూక్ష్మం గొట్టాన్ని అరలో పెట్టి ఫ్రీజర్ మూశాక, అక్క చెయ్యి చాచి తలుపు గట్టిగా పడిందో లేదో తనే ఒకసారి నెట్టి చూసింది.

"పద," అంది. "ఆకలేస్తోంది. బండి నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటాను."